వట్టి తేనీరు

బోర్లించిన తొట్టి బోర్లించినట్టే ఉంది.

షిగెమిత్సు పొద్దున్నే కొట్టం తలుపు తీసి చూశాడు. నిన్న చూసినప్పుడూ అంతే, మొన్నా అంతే. కొండశిఖరాల మీద తొలి మంచు పడింది. వీధి చివర వేడినీటి ఊట దగ్గర ఇరుగుపొరుగు స్త్రీలందరూ రబ్బరు బూట్లు తొడుక్కొని చలికాలానికి ఊరవేసే ఆకుకూర కట్టలు కడుగుతున్నారు. ప్రతి గుమ్మం ముందూ ఉప్పు సంచులు దిగుతున్నాయి. తమ కరాసావా వారి ఇంట మాత్రం ఊరగాయ ఊసే లేదు. తాతగారు దేవదారు చెక్కతో చేయించిన తొట్టి, శీతకాలంలో ఏనాడూ ఖాళీగా ఉండి ఎరుగని తొట్టి, గోడవైపు తిరిగి అలిగిన మనిషిలా ఉంది.

ఆయన తలుపు మూసి, చేతులు కడుక్కొని, పితృదేవతల గూడు ముందు కూర్చున్నాడు. అమితాభుని నామం జపించేటప్పుడు ఆయన గొంతు తొట్రుపడదని వీధిలో అందరికీ తెలుసు. ఆ ఉదయం తొట్రుపడింది. గూటిలోని పటంలో నుంచి తండ్రి, బ్రతికి ఉన్న రోజులలో లాగానే, కనుబొమలు ముడిచి చూస్తున్నాడు.

వంటింటిలో భార్య కినుయో మిసో చారు కాస్తోంది. కోడలు మాదోకా గిన్నెలు సర్దుతోంది. షిగెమిత్సు బల్ల ముందు కూర్చొని, కోడలివైపు తిరిగి అడిగాడు.

"మాదోకా, ఈ ఏడు ఆకు ఎప్పుడు ఊరవేస్తారో మీ అత్తయ్యను కనుక్కో."

కినుయో గరిటె ఆపలేదు. "మీ మామయ్యగారికి చెప్పమ్మా. ఎవరి ఇంటి ఉప్పు వారే చూసుకోగలరని ఆయనే పేట సమావేశంలో సెలవిచ్చారు. నా ఉప్పు నేను చూసుకుంటున్నాను. ఆయన ఉప్పు ఆయనను చూసుకోమను."

ఇద్దరి మధ్యా చెయ్యి చాస్తే అందేంత దూరమే ఉంది. అయినా మాట మాత్రం కోడలి మీదుగా చుట్టు తిరిగి చేరవలసి వస్తోంది.

"మామయ్యా, నాకేమైనా జీతం ఇప్పించండి," అంది మాదోకా చారు గిన్నె ఆయన ముందు పెడుతూ. "టెలిఫోను ఆఫీసులో కూడా ఇంత పని ఉండదు."

ఎవరూ నవ్వలేదు. అయితే కినుయో భుజాలు ఒక్కసారి కదలడం మాదోకా గమనించింది.

ఆ మాట షిగెమిత్సు అన్నది నిజమే. తాము ఉంటున్న మినోహారా నగరమూ, ఏటికి ఎగువన ఉన్న మూడు కొండ ఊళ్ళూ కలిసి తండ్రుల తరంలో ఒక ఆరోగ్య మండలిని ఏర్పరచుకున్నాయి. ఖర్చులో పెద్ద వాటా నగరానిది, పెద్ద పనేమో కొండల మీదిది. ఇక చాలు, మండలినుంచి బయటికి వచ్చేద్దాం, మన ఆరోగ్యం మనం చూసుకుందాం అని నగరసభలో ఒక పక్షం బయలుదేరింది. షిగెమిత్సును సభాధ్యక్షుణ్ణి చేసినది ఆ పక్షమే. తీర్మానం సాఫీగా సాగిపోయేటట్లు చూస్తానని ఆయన వారికి మాట ఇచ్చాడు. పోయిన వారం పేట సమావేశంలో ఎవరో కొండ ఊళ్ళ సంగతి అడిగితే, ఉప్పు తగ్గించుకోవడానికి కూడా మండలి కావాలా, ఎవరి ఇంటి ఉప్పు వారే చూసుకోలేరా అన్నాడు. జనం నవ్వారు. ఆయనకూ ఆ నవ్వు బాగానే ఉండింది.

వెనుక వరుసలో కినుయో కూర్చొని ఉండటం ఆయన చూసుకోలేదు.

కినుయో పుట్టిల్లు ఆ మూడు ఊళ్ళలో అన్నిటికన్నా పైనున్న కురోకుబో. మండలి తరఫున ఇల్లిల్లూ తిరిగి, పొయ్యి మీది చారులో చిన్న పరికరం ముంచి ఉప్పు ఎంతో చెప్పి వచ్చే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. ఊరంతా వాళ్ళను ఉప్పక్కలంటారు. నగరం తప్పుకుంటే మండలి నర్సమ్మను నిలుపుకొనే శక్తి ఆ మూడు ఊళ్ళకూ లేదు. నర్సమ్మతో పాటు కొండ ఎక్కే వ్యానూ ఆగిపోతుంది. పెళ్ళయిన నాటినుంచి కినుయో చేస్తూ వచ్చిన పనీ ఆగిపోతుంది. తీర్మానం రేపే సభకు వస్తోంది.

*

ఆ సాయంకాలం ఇద్దరు అతిథులు వచ్చారు. ఒకరు వేడినీటి ఊట పక్క విడిదిగృహం యజమాని మియాషితా. తీర్మానం పెడుతున్నది ఆయనే. రెండవవారు ఉసుయి తొకుజి. సభలో అందరికన్నా పెద్దవాడు, మోకాళ్ళు అరిగినవాడు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నవాడు. ఆ భార్య ఉన్నంతకాలం కినుయోకు జతగా కొండ ఎక్కిన ఉప్పక్కే. ఆమె పోయినప్పటినుంచి ఏటా తొట్టి తెరిచిన రోజున కినుయో చేతి ఊరగాయ ఒక జాడీడు తొకుజి ఇంటికి వెళుతుంది.

కినుయో తేనీరు తెచ్చి ముగ్గురి ముందూ పెట్టింది. మరేమీ పెట్టలేదు.

ఈ కొండల నడుమ తేనీటి పక్కన ఊరగాయ పెట్టకపోవడమంటే, అయ్యా తమరు లేచి చెప్పులు వెతుక్కోవచ్చును అని చెప్పడమే. తీరప్రాంతపు పిల్ల మాదోకాకు కూడా ఆపాటికి ఆ సంగతి తెలుసు. ఆమె గబగబా బిస్కట్ల డబ్బా తీయబోతే అత్తగారు కంటితోనే వారించింది.

తొకుజి చెయ్యి అలవాటుగా కప్పు పక్కకు పోయి, వట్టి బల్లను తడిమి, వెనక్కి వచ్చింది. మియాషితా చిరునవ్వు చెదరకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. నగరానికి సొంత ఆరోగ్య కేంద్రం వస్తుందనీ, కొత్త నర్సులు వస్తారనీ, పరీక్షలకు ఎవరూ వారాల తరబడి వేచి ఉండనక్కరలేదనీ చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే కినుయో అడ్డురాకుండా చివరిదాకా వింది.

"మరి కురోకుబోకు ఎవరు వెళతారండీ?" అని అడిగింది.

"ఆ ఊరికి ఆ ఊరు ఉన్నది గదమ్మా," అన్నాడు మియాషితా మర్యాదగా.

షిగెమిత్సు గొంతు సవరించుకున్నాడు. ఇంటి పరువు బల్ల మీద కనిపించకపోయేసరికి, కొట్టంలో పాత ఊరగాయ ఏదైనా ఉన్నదేమో చూడమని కోడలితో అన్నాడు. జవాబు కోడలు చెప్పలేదు. కినుయో అతిథులవైపు తిరిగి వినయంగా తల వంచింది.

"మన్నించండి. ఎవరి ఇంటి ఉప్పు వారిదేనని విన్నాను. మీ ఊరగాయ మీరే వెంట తెచ్చుకుంటారనుకున్నాను."

మియాషితా కప్పు దించి గోడగడియారం వంక చూశాడు.

"ఆ మాట అన్నది నేను కాదు, చెల్లెమ్మా," అన్నాడు తొకుజి చివరికి. "మీ ఆయన."

"విని తల ఊపినది ఎవరన్నయ్యా?"

తొకుజి కప్పులో మిగిలినది తాగేశాడు. తరువాత బల్ల పట్టుకొని, ఒక్కొక్క మోకాలినే బతిమాలుకుంటూ లేచాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, ఈ ఏడు తనకు జాడీ రాదన్నమాట అని మాత్రం అన్నాడు. అది ప్రశ్నో కాదో తేల్చుకోలేక మాదోకా ఊరకే వంగి నమస్కరించింది.

*

అతిథులు వెళ్ళిన తరువాత షిగెమిత్సు చేసిన పని ఆ ఇంట ఏ మగవాడూ చేసి ఎరుగడు. పొరుగింటివారు ఇచ్చిపోయిన ఆకు కట్ట గుమ్మం పక్కనే పడి ఉంది. దానిని కొట్టంలోకి తీసుకుపోయి, కడిగి, కత్తిపీట ముందు కూర్చొని తరిగాడు. పెద్ద తొట్టిలో వేసి నెలల తరబడి ఊరనిచ్చే ఓపిక ఆయనకు లేదు. చిన్న కుండలో పొరలు పొరలుగా పేర్చి, మీద రాయి పెడితే తెల్లారేసరికి తినడానికి వస్తుందని చిన్నప్పుడు చూసి ఉన్నాడు. ఉప్పు ఎంత వేయాలో ఎవరినీ అడగలేదు. తండ్రి దగ్గరుండి వేయించేటట్లే వేశాడు. పొరకు ఒక పిడికెడు, పైన ఇంకొక పిడికెడు.

మాదోకా కిటికీలోంచి చూసి, అత్తయ్యా, మామయ్య ఉప్పు సంచి సగం ఖాళీ చేస్తున్నారని చెప్పింది. చేయనీ అంది కినుయో, కుట్టుపనిలోంచి తల ఎత్తకుండా.

తెల్లవారింది. ఆ ఇంటి ఆచారం ప్రకారం, ఊరిన ఆకులో మొదటి పిడచ పితృదేవతలకు. షిగెమిత్సు దానిని చిన్న పళ్ళెంలో పెట్టి తండ్రి పటం ముందు ఉంచాడు. నామజపం చేసి, రెండవ పిడచ తాను నోట పెట్టుకున్నాడు.

మింగలేకపోయాడు.

ఉప్పు నాలుకను కొరికింది, చెవులదాకా పాకింది. తండ్రి ఇదే ఊరగాయను అన్నంలో కలుపుకొని, పైన మరికాస్త చల్లుకొని, ఇంకా చప్పగా ఉన్నదనేవాడు. ఈయన కూడా చిన్నతనంలో ఇదే తిని పెరిగాడు. కొత్త కోడలుగా కినుయో చారులో ఉప్పు తగ్గించిననాడు తండ్రి గిన్నెను పక్కకు నెట్టి, గిన్నెలు కడిగిన నీళ్ళు పోశావా అమ్మాయీ అన్నాడు. ఆ ఉప్పుతో పెరిగిన రక్తపోటుకు ఆయనే ఒక చలికాలపు ఉదయం స్నానాలగదిలో కూలబడి, ఒక పక్క చచ్చుబడి, మంచాన పడ్డాడు. ఆ రోజులలో ఈ కొండల్లో అటువంటి మంచం లేని ఇల్లు లేదు. మండలి పుట్టినది ఆ మంచాల నుంచే. గిన్నె నెట్టిన ఆ మామగారికి చివరి దాకా అదే చారును చెంచాతో తాగించినది కినుయోనే.

షిగెమిత్సు నోటిలోని పిడచను కాగితంలో ఉమ్మి, చాలాసేపు పటం వంక చూశాడు. ఈ నాలుక తనదే అనుకుంటున్నాడు ఇంతకాలమూ. ఇది ఎప్పుడు మారిందో ఆయనకు తెలియనే తెలియదు. చిటికెడు చిటికెడుగా ఉప్పు తగ్గిస్తూ, అలికిడి లేకుండా, వేరొకరు మార్చారు.

వెనుక అడుగుల చప్పుడైంది. కినుయో వచ్చి గూటి ముందు పళ్ళెంలోంచి ఒక తునక తీసి నోట వేసుకొంది. ముఖం ముడుచుకోలేదు. నెమ్మదిగా నమిలి మింగింది.

"మామగారి చెయ్యి," అంది. అన్నది భర్తతోనో పటంతోనో చెప్పలేం.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కుండను గుడ్డలో మూటకట్టుకొని సభకు బయలుదేరాడు.

*

సభ మొదలయ్యే ముందు అధ్యక్షుడి గదిలో తేనీరు ఇవ్వడం ఆనవాయితీ. షిగెమిత్సు మూట విప్పి, నిన్న జరిగిన లోటుకు మన్నించమని కోరి, కుండ బల్ల మీద పెట్టాడు. మియాషితా ఒక తునక తిని, బాగున్నదని చెప్పి, వెంటవెంటనే తేనీరు తాగాడు. తొకుజి మాత్రం కళ్ళు మూసుకొని చాలాసేపు నమిలాడు.

"ఇది మీ నాన్నగారి ఊరగాయ," అన్నాడు. "మా ఇంట్లోనూ ఇదే తినేవాళ్ళం. మా ఆవిడ ఇప్పుడు ఉండి ఉంటే, కుండతో సహా కిటికీలోంచి బయట పారేసేది. నన్ను కూడా."

గంట మోగింది.

చర్చ కొత్తగా ఏమీ లేదు. ఎవరు చెప్పదలచినది వారు అదివరకే చెప్పి ఉన్నారు. సందర్శకుల వరుసలో కినుయో చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుంది. ఆమె పక్కన కురోకుబో నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చిన ఇద్దరు ముసలమ్మలు కూర్చున్నారు. ఆ సభలో సమ్మతి తెలపడమంటే లేచి నిలబడటమే. కూర్చొని ఉంటే అసమ్మతి. మండలినుంచి తప్పుకొనే తీర్మానానికి సమ్మతించేవారు లేవవలసిందని షిగెమిత్సు పలికాడు.

కుర్చీలు కదిలాయి. మియాషితా అందరికన్నా ముందు లేచాడు. అతని పక్షం వారు ఒక్కరొక్కరే లేచారు. తొకుజి లేవలేదు.

గుమాస్తా చూపుడువేలితో లెక్కించి, తలలు మళ్ళీ లెక్కించి, కాగితం తెచ్చి అధ్యక్షుడి ముందు పెట్టాడు. నిలబడినవారూ కూర్చున్నవారూ సమానం.

మియాషితా చెయ్యి ఎత్తి, పెద్దలు ఉసుయి గారికి మోకాళ్ళ బాధ ఉన్నదనీ, లేవడానికి వారికి వ్యవధి ఇచ్చి మళ్ళీ అడగడం న్యాయమనీ అన్నాడు. న్యాయమే. షిగెమిత్సు అడగక తప్పలేదు.

"ఉసుయి గారూ, మోకాళ్ళు సహకరించలేదా?"

"సహకరించడం మానేసి చాలా కాలమైంది, అధ్యక్షా," అన్నాడు తొకుజి. "అయినా ప్రతిసారీ బల్ల పట్టుకొని లేస్తూనే వచ్చాను. ఈసారి బల్ల పట్టుకోలేదు."

లెక్క మారలేదు. నిర్ణయం అధ్యక్షుడి మీద పడింది. ఇటువంటప్పుడు ఉన్నదానిని ఉన్నట్టే ఉంచడం పెద్దలు పెట్టిన ఒరవడి. అయితే ఒరవడి శాసనం కాదు. ఇచ్చిన మాట కూడా ఒకటి ఉంది. ఆ మాట ఇచ్చినందుకే ఆయన ఆ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. షిగెమిత్సు గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు. పొద్దుటినుంచి ఎన్ని తాగినా దాహం తీరలేదు. సందర్శకుల వరుస వైపు చూశాడు. కినుయో తనవైపు చూడటం లేదు. సభ ముగిశాక తొకుజి ఎలా లేస్తాడా అన్నట్లు ఆ ముసలాయన మోకాళ్ళ వైపే చూస్తోంది.

"ఎవరి ఇంటి ఉప్పు వారిదేనని అన్నది నేను," అన్నాడు షిగెమిత్సు. "ఈ ఉదయం నా ఇంటి ఉప్పు నేను తినలేకపోయాను. నగరం మండలిలోనే ఉంటుంది. అధ్యక్షస్థానం నిర్ణయం అది."

మియాషితా కాగితాలు సర్దుకొని, వెళుతూ వెళుతూ బల్ల దగ్గర ఆగాడు. కోపం లేని గొంతుతోనే, ఏడాది మారేలోపల ఈ కుర్చీలో మరొకరు కూర్చుంటారని చెప్పి, ఊరగాయకు కృతజ్ఞతలు తెలిపి వెళ్ళిపోయాడు.

*

ఆయన ఇల్లు చేరేసరికి మధ్యాహ్నపు ఎండ పెరట్లో పరుచుకొని ఉంది. కినుయో బస్సులో తనకన్నా ముందే వచ్చినట్లుంది. వేడినీటి ఊట వైపునుంచి ఆడవాళ్ళ నవ్వులలో ఆమె నవ్వు కూడా వినబడుతోంది.

కొట్టం ముందు తొట్టి నిటారుగా నిలబడి ఉంది. అంచుదాకా నీళ్ళు. చెక్కలు ఉబ్బి సందులు మూసుకుపోవడానికి ఆకు వేసే ముందు అలా నానబెట్టడం ఆ ఇంట ఆడవాళ్ళు చేసే మొదటి పని.

"ఫలితం తెలియగానే నీళ్ళు పోసిందా మీ అత్తయ్య?" అని కోడల్ని అడిగాడు.

"లేదు మామయ్యా. పొద్దున మీరు మూట పట్టుకొని గుమ్మం దాటారు చూడండి, అప్పుడే. సభకు బయలుదేరే ముందు."

ఆయన తొట్టి అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నీళ్ళలో ఆకాశం ఉంది, ఆకాశంలో ఆయన ముఖం ఉంది. ఆ ముఖం కొంచెం వయసు తగ్గినట్టు కనిపించింది. కుర్చీ పోతే పోయిందనుకున్నాడు. ఆ అనుకోవడం ఇంత తేలికగా ఉంటుందని ఆయన ఊహించలేదు.

కడిగిన ఆకు కట్టలతో కినుయో వచ్చింది. చేతులు ఎర్రగా ఆవిర్లు కక్కుతున్నాయి. సగం కట్టలు ఆయన చేతుల్లో పెట్టింది.

"నీళ్ళు ఒంపండి," అంది. మాట కోడలి మీదుగా చుట్టు తిరగలేదు. నేరుగా వచ్చింది. మాదోకా మెల్లగా ఇంట్లోకి తప్పుకొంది.

ఇద్దరూ తొట్టి వంచి నీళ్ళు ఒంపారు. కినుయో ఆకు పేర్చుతోంది, ఆయన ఉప్పు అందిస్తున్నాడు. ఆయన పిడికిలి నిండినప్పుడల్లా ఆమె మణికట్టు పట్టుకొని సగం సంచిలోకి రాలుస్తోంది. తొకుజికి పెద్ద జాడీ పంపాలని ఆయన అంటే, ఆ సంగతి మీరు చెప్పాలా అంది. 

ఇంట్లో ఫోను మోగింది. మాదోకా మాట్లాడి, గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అప్పటిదాకా నవ్వుతున్న ఆమె ముఖం వాడిపోయింది.

"కురోకుబో పెద్ద మామయ్యగారు, అత్తయ్యా." కినుయో అన్నగారు ఆ ఊరికి పెద్ద. "మూడు ఊళ్ళవాళ్ళూ ఈ పొద్దున్నే, ఇక్కడ సభ తేలకముందే కూర్చున్నారట. మామయ్య పేట సమావేశంలో అన్న మాట కొండ మీదికి చేరిందట. వాళ్ళ ఉప్పును చూసి నవ్వేవాళ్ళతో వాళ్ళకు పొత్తు వద్దట. నగరం ఉన్నా సరే, మూడు ఊళ్ళూ మండలినుంచి తప్పుకుంటాయట."

షిగెమిత్సు చేతిలోని ఉప్పు ఆకు మీద కాకుండా నేల మీద రాలింది.

కినుయో చివరి పొర ఆకు అదిమింది. తొట్టి మీద మూత సర్ది, చేతులు కొంగుగుడ్డకు తుడుచుకొంది.

"రేపు మొదటి వ్యానుకు కొండ ఎక్కుదాం," అంది. "ఒక్క సంగతి. మా అన్నయ్య మనకు వట్టి టీయే పోస్తాడు. నేను ఆయన చెల్లెల్ని."

"తెలుసు," అన్నాడు షిగెమిత్సు. "మన ఊరగాయ మనమే పట్టుకెళదాం."

"ఇది ఇప్పుడే వేశాం కదా. ఎక్కడిది?"

ఆయన గుమ్మం పక్క బల్ల మీది గుడ్డమూట వైపు చూశాడు. సభనుంచి వెనక్కి వచ్చిన కుండ, సగం ఖాళీ అయి, అక్కడే ఉంది. కినుయో పెదవులు బిగించింది. అయినా నవ్వు ఆగలేదు.

"పట్టండి, అదే పట్టండి," అంది. "మీ చేతి ముక్క ఒకటి నోట పెట్టుకుంటే చాలు. దాహానికైనా మా అన్నయ్య మన ఎదుట రెండో కప్పు దాకా కూర్చోవలసి వస్తుంది."